సొసైటీకి పాత చిన్న ట్రక్కు కొనేటప్పుడు
(సమాఖ్య వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగం)



నేను దేవదుర్గ తాలూకా జాలహళ్ళి నుంచి వచ్చినాను. అక్కడ చేనేత సొసైటీ కార్యదర్శి పని చూస్తున్నాను. నా చదువు ఎనిమిదో తరగతి, అది కూడా కన్నడ బడిలో. ఇంట్లో తెలుగు, బజార్లో కన్నడ, పాత దస్తావేజుల్లో ఉర్దూ. 1956 దాకా హైదరాబాదు కింద ఉన్న జిల్లా కదా మాది, అన్నీ కలిసే ఉంటాయి. నా మాటల్లో కూడా అట్లే కలుస్తాయి, సర్దుకోండి. ఈసారి సంచిక కాగితం మీద కాదు, ఫోన్లోకే వస్తుందని చెప్పినారు. మంచిదే. బండి చూడబోయేటప్పుడు ఈ మాటలు జేబులోనే ఉంటాయి.

మా సొసైటీ సెకండ్ హ్యాండు చిన్న ట్రక్కు కొని మూడేళ్ళు దాటింది. రోజూ తిరుగుతోంది. అది చూసి నాలుగైదు సొసైటీల వాళ్ళు నాకు ఫోన్ చేసినారు. అందరూ అడిగేది ఒకటే, "అన్నా, ఏ కంపెనీ బండి మంచిది?" అని. కంపెనీ పేరు ఆఖర్న అడగాల్సిన మాట. మొదట అడగాల్సింది, ఆ బండి మీద రోజూ ఏం పోతాది, ఎంత దూరం పోతాది, ఎవరు పోతారు అని. ఈ మూడూ తేలినాక బండి పేరు దానంతట అదే తేలుతాది. నూలుకు, మగ్గానికి ఖర్చు పెట్టాల్సిన సభ్యుల డబ్బు తీసి ఇనుము మీద పెడుతున్నాము. అందుకని కొంచెం వివరంగా చెప్తాను.

మా సొసైటీ కింద ఏడు ఊళ్ళల్లో నూట ఇరవై మగ్గాల దాకా ఆడుతున్నాయి. అన్నీ గుంట మగ్గాలే. నూలు రాయచూరు దాకా లారీ పార్సిల్లో వస్తాది. అక్కడ్నుంచి తెచ్చుకోవడం మా పని. తెచ్చిన నూలు అద్దకానికి పోవాల. అద్దకం నుంచి ఆసు పోసేవాళ్ళ దగ్గరికి, అక్కడ్నుంచి పడుగు మగ్గం ఇంటికి, మగ్గం ఇంటి నుంచి నేసిన బట్ట సొసైటీకి. ఒక చీర మగ్గం దిగేలోపల దాని నూలు నాలుగు చోట్లకు తిరిగొస్తాది. ఇదంతా ఒకప్పుడు నెత్తి మీద, సైకిల్ మీద, బస్సు టాపు మీద జరిగేది. టాపు మీద వేసిన నూలు వానకు తడిసిందంటే, ఆ చిలపలు ఆరబెట్టి చిక్కు తీసేసరికి ఆడవాళ్ళకు రెండు రోజుల పని. ఆ రెండు రోజులకు కూలి ఎవరూ ఇవ్వరు. నూలు ఒక రోజు ఆలస్యమైతే మగ్గం మనిషికి ఆ రోజు సంపాదన లేదు. మన కూలి నేసినదానికి గాని, గుంటలో కూర్చున్నదానికి కాదు కదా. బండి కావాల్సింది దీనికి. ఆఫీసు ముందర నిలబెట్టుకోవడానికైతే వద్దు.

ఇంక బరువు లెక్క. మన నూలు బండిలు పది పౌండ్లు, అంటే నాలుగున్నర కిలోల మీద కొంచెం. బేలుకు నలభై బండిళ్ళు. 400 పౌండ్లు, కిలోల్లో 181. మగ్గానికి నెలకు ఆరు కిలోల నూలు పట్టుకోండి. నూట ఇరవై మగ్గాలకు 720 కిలోలు. అంటే దాదాపు నాలుగు బేళ్ళు. టాటా ఏస్ 2005లో వచ్చినప్పుడు కంపెనీ చెప్పిన మోత 750 కిలోలు. మా నెల నూలంతా ఆ బండికి ఒక్క ట్రిప్పు! రోజువారీ తిరుగుడులో ఇంత బరువు కూడా ఉండదు. రెండు పడుగులు, పది బండిళ్ళు, యాభై చీరలు, ఒక రంగు డబ్బా. చీర అరకిలో అనుకుంటే యాభై చీరలు పాతిక కిలోలే.

మా డైరెక్టర్లలో ఒకాయన, పెద్దాయనే, "కొనేది ఒక్కసారి, పెద్ద పికప్ కొందాము, రేపు పని పెరుగుతాది" అన్నాడు. ఆయన మాట తీసెయ్యలేదు, లెక్క వేసినాము. మా బండి రోజుకు యాభై కిలోమీటర్లు, నెలకు ఇరవై నాలుగు రోజులు. అది 1200. రాయచూరుకు పోయి రావడం సుమారు 150, నెలకు రెండుసార్లు. మొత్తం 1500 కిలోమీటర్లు. చిన్న బండి లీటరుకు 18 ఇస్తుందనుకుంటే 83 లీటర్లు. పెద్ద పికప్ 12 ఇస్తుందనుకుంటే 125 లీటర్లు. డీజిల్ లీటరు 90 రూపాయల లెక్కన ఒకటి ఏడున్నర వేలు, ఇంకొకటి పదకొండు వేల రెండు వందల యాభై. నెలకు 3,750 తేడా. ఏడాదికి 45,000. పెద్ద బండికి టైర్లు, బీమా, రిపేరి కూడా పెద్దవే. రేపెప్పుడో పెరిగే పని కోసం ఈ రోజు నుంచీ ఏడాదికి నలభై అయిదు వేలు కాల్చడం ఎందుకు? ఎప్పుడైనా పెద్ద లోడు వస్తే ఆ ఒక్క రోజు బాడుగ బండి తెచ్చుకోవచ్చు. ఆయనే ఒప్పుకున్నాడు. మీ సొసైటీలో జంఖానాలు, దుప్పట్లు నేస్తారనుకోండి, నూలు లావు, బరువు ఎక్కువ, లెక్క మారుతాది. మా లెక్క మీరు వాడొద్దు. మీ మగ్గాలు, మీ దూరాలు వేసి చూడండి.

ఇంకొక మాట. నెలకు రెండే ట్రిప్పులు ఉండే చిన్న సొసైటీ బండి కొనొద్దు. నిలబడిన బండికి కూడా బీమా కట్టాల, ఎఫ్.సి. చేయించాల, డ్రైవరుకు జీతం ఇయ్యాల. బాడుగే నయం. లేదంటే దగ్గరున్న రెండు సొసైటీలు కలిసి వారంలో రోజులు పంచుకోవచ్చు. కానీ ఎవరి రోజు ఏది, రిపేరి ఎవరిదన్నది ముందే కాగితం మీద రాసుకోండి. బంధువులం కదా అని రాసుకోకపోతే బండీ పోతాది, బంధుత్వమూ పోతాది.

ఇప్పుడు బండ్ల సంగతి. మన బజార్లో దొరికే పాత బండ్లలో ఎక్కువ టాటా ఏస్. అందరూ ఛోటా హాథీ అంటారు. పాతవాటిలో రెండు సిలిండర్ల 702 సిసి డీజిల్ ఇంజను. ఏ ఊర్లో ఆగినా మెకానిక్కు దొరుకుతాడు, సామాను దొరుకుతాది. ముందర కూడా కమ్మీ పట్టీలే కాబట్టి గతుకుల్లో నడుము కదిలిపోతాది, అది ఒప్పుకోవాల. మహీంద్రా జీతో 2015లో వచ్చింది, ఇంకా చిన్నది, సందుల్లో తిరగడానికి బాగుంటాది. మారుతి సూపర్ క్యారీ 2016లో వచ్చింది. మొదట రెండు సిలిండర్ల డీజిల్, తరవాత నాలుగు సిలిండర్ల 1.2 లీటర్ల పెట్రోలు. పెట్రోలు బండి నడపడానికి మెత్తగా ఉంటాది, శబ్దం తక్కువ. లీటరు ధర, మైలేజీ మాత్రం చూసుకోవాల. అశోక్ లేలాండ్ దోస్త్ 2011లో వచ్చింది, మోత టన్నుంబావు, ముందర డ్రైవరు కాక ఇద్దరు కూర్చోవచ్చు. బొలేరో పికప్ దానికంటే బలం. సి.ఎన్.జి. బండి చవగ్గా నడుస్తాదని కొందరు చెప్తారు. నిజమే. కానీ గ్యాసు బంకు మీ ఊరికి ఎంత దూరమో ముందు చూడండి. సిలిండరు మూడేళ్ళకొకసారి పరీక్ష చేయించి ఉండాల, ఆ కాగితం లేకపోతే ముట్టుకోవద్దు.

2020 ఏప్రిల్ నుంచి అమ్మిన కొత్త బండ్లు బి.ఎస్.6. వాటిలో సెన్సార్లు, వైర్లు ఎక్కువ. లైటు వెలిగిందంటే మిషను పెట్టి చూడాల. మీ ఊరి మెకానిక్కు దగ్గర ఆ మిషను ఉందా లేదా కనుక్కోండి. మా వైపు చెట్టు కింద పని చేసే మెకానిక్కులే ఎక్కువ, వాళ్ళ చేతికి పాత బండే అలవాటు. అందుకని మేము బి.ఎస్.4 బండి చూసినాము. రాయచూరు, బళ్ళారి లాంటి టౌన్లలో ఉన్నవాళ్ళకు ఈ మాట వర్తించదు.

మగ్గం సామాను పొడవు కూడా కొలిచి పోండి. మా దోనెలు అయిదున్నర, ఆరు అడుగులు. ఏస్ తొట్టి ఏడడుగుల పైన, కాబట్టి తలుపు మూసుకుంటాది. తలుపు తెరిచి తాడు కట్టి పోవాల్సి వస్తే ఆ బండి మనది కాదు.

అన్నిటికంటే ముఖ్యమని నేను అనుకునేది ఇప్పుడు చెప్తాను. కొనబోయే బండి ఇన్నాళ్ళు ఏం మోసింది? కారు కొనేవాడికి ఈ ప్రశ్న లేదు, మనకు ఉంది. మేము అయిదు బండ్లు చూసినాము. ఒకటి చూడడానికి పెళ్ళికొడుకు లాగా ఉంది. కొత్త రంగు, కొత్త సీటు కవర్లు, నంబరు ప్లేటు మీద దేవుడి పేరు. కిందికి వంగి చూస్తే వెనక పట్టీల కట్టలో ఒక పట్టీ ఎక్కువ. కంపెనీ వెయ్యలేదు అది. బరువు ఎక్కువ వెయ్యడానికి ఓనరు వేయించినాడు. ఛాసిస్ మీద ఒకచోట వెల్డింగు. పక్కన కృష్ణ పారుతోంది, అది ఇసుక మోసిన బండని చెప్పడానికి జ్యోతిష్యం అక్కర్లేదు. ఇసుక, ఇటుక, కంకర మోసిన బండి ఎంత చవకైనా వద్దు. దాని వెన్నెముక వంగి ఉంటాది. టైర్లు ఒక పక్కే అరుగుతాయి, ఎన్నిసార్లు అలైన్‌మెంటు చేయించినా నిలబడదు.

ఇంకొకటి ఎరువుల దుకాణం బండి. ఇంజను బాగుంది, ధర బాగుంది. తొట్టిలో పరిచిన రేకు ఎత్తి చూస్తే కింద ఇనుము పొరలు పొరలుగా లేస్తోంది. యూరియా, ఉప్పు ఇనుమును తినేస్తాయి. రంగు వేస్తే పైకి కనపడదు, సుత్తితో కొడితే మెత్తగా పలుకుతాది. మనకు ఇది ఎందుకు ముఖ్యమంటే, తుప్పు మరక తెల్ల నూలు మీద పడితే పోదు. చీర అంచున చిటికెన వేలంత మరక ఉన్నా అది రెండో రకం కిందికి పోతాది. పురుగుమందు మోసిన బండిలో వాసన పోదు. మిరపకాయల బండిలో ఘాటు పోదు, చిలపలు సర్దేవాళ్ళ కళ్ళు మండుతాయి. చేపల బండి సంగతి చెప్పనక్కర్లేదు. తొట్టిలోకి ఎక్కి కూర్చుని వాసన చూడండి. సిగ్గు పడొద్దు. మనం బట్ట మోసేవాళ్ళం.

మేము ఆఖరికి తీసుకున్నది సబ్బులు, బిస్కెట్లు దుకాణాలకు వేసే డీలరు దగ్గర తిరిగిన 2017 ఏస్. తేలిక సరుకు, పైన మూసిన డబ్బా బాడీ. నూలుకు వాన, ఎండ రెండూ తగలవు. రాయచూరు ఎండలో రంగు నూలు తెరిచి పెడితే ఏమవుతుందో మీకు చెప్పాల్సిన పని లేదు. బజారు సందుల్లో ఆగుతూ పోతూ తిరిగిన బండి కాబట్టి క్లచ్ అరిగింది, అది తెలిసే తీసుకున్నాము, క్లచ్ ఖర్చు ధరలో తగ్గించుకున్నాము. అంటే బండిలో లోపం లేకుండా దొరకదు. డబ్బు పెడితే పోయే లోపమా, ఎంత పెట్టినా పోని లోపమా, అది చూడాల. క్లచ్, బ్రేకు, బ్యాటరీ, టైరు పోయే లోపాలు. వంగిన ఛాసిస్, తిన్న ఇనుము, నీళ్ళల్లో మునిగిన ఇంజను పోని లోపాలు.

బండి చూడ్డానికి పొద్దున్నే పోండి, చెప్పకుండా అరగంట ముందు పోండి. ఇంజను మీద చెయ్యి పెట్టి చూడండి. అప్పటికే వేడిగా ఉందంటే, చల్లగా ఉన్నప్పుడు స్టార్టు కాదేమో అని అనుమానించాల. స్టార్టు చేసినాక పొగ చూడండి. నీలం పొగ అంటే ఆయిలు కాలుతోంది. ఇంజను నడుస్తుండగా ఆయిలు పోసే మూత వదులు చేసి చూడండి, గుప్పుగుప్పుమని పొగ కొడితే ఇంజను లోపల అరిగింది. రేడియేటరు నీళ్ళల్లో నూనె తేలకూడదు. ఇంజను చల్లగా ఉన్నప్పుడే ఆ మూత తియ్యండి, వేడి మీద తీస్తే ముఖం కాలుతాది. మీటరు నమ్మొద్దు. బ్రేకు పెడలు రబ్బరు నున్నగా అరిగిపోయి, మీటరు మాత్రం నలభై వేలు చూపిస్తే మీరే అర్థం చేసుకోండి. టైరు పక్కన నాలుగు అంకెలు ఉంటాయి. 3219 అని ఉంటే 2019లో ముప్పై రెండో వారం తయారైందని. బండి 2021ది అని చెప్పి టైర్లు నాలుగూ 2014వి ఉంటే, ఎక్కడివో తెచ్చి వేసినారని.

ఖాళీ బండి నడిపి చూసి కొనొద్దు. అందరూ చేసేది అదే. ఖాళీ బండి అన్నీ బాగానే పోతాయి. ఓనరును ఒప్పించి నాలుగు వందల కిలోలైనా వేసి, ఒక ఎత్తు ఎక్కించి చూడండి. మా వైపు నల్లరేగడి, కాలువ గట్ల దారులు. నారాయణపూర్ కుడి కాలువ వచ్చినాక పొలాలు పచ్చబడినాయి గాని, వానాకాలం ఆ గట్ల మీద బండి నడపడం వేరే విద్య. గేరు జారుతోందా, బ్రేకు ఒక పక్కకు లాగుతోందా, స్టీరింగు ఎంత వదులుంది, అన్నీ బరువు మీదే బయటపడతాయి. మెకానిక్కును మనమే తీసుకుపోవాల, అమ్మేవాడు చూపించిన మెకానిక్కు వద్దు. ఆయన రోజు కూలి ఇచ్చి తీసుకుపోండి. అయిదు వందలకు వెనకాడి రెండు లక్షలు పోగొట్టుకోవద్దు.

కాగితాలు. ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలు రుద్ది, ఆర్.సి.తో అంకె అంకె సరి చూడండి. ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొడితే బీమా, ఎఫ్.సి. ఎప్పటిదాకా ఉన్నాయో కనపడతాది. చలాన్లు ఎన్ని పెండింగో అది కూడా చూసుకోండి. ఆర్.సి.లో ఫైనాన్సు కంపెనీ పేరు ఉంటే, అప్పు తీరిందని వాళ్ళిచ్చే ఎన్.ఓ.సి., 35వ నంబరు ఫారం రెండూ చేతికొచ్చేదాకా డబ్బు ఇయ్యొద్దు. "అప్పు తీరిపోయింది సార్, కాగితం రేపొస్తాది" అంటారు. రేపే ఇద్దాం డబ్బు కూడా.

మనకు గద్వాల, నారాయణపేట, యెమ్మిగనూరు అంతా బంధువులే. అక్కడ ఎవరో బండి చవగ్గా ఇస్తామంటారు. తీసుకోవచ్చు. కానీ అది తెలంగాణ, ఇది ఆంధ్ర, మనది కర్ణాటక. అక్కడి ఆర్.టి.ఓ. దగ్గర ఎన్.ఓ.సి. తియ్యాల, ఇక్కడ రాయచూరులో కె.ఎ. 36 నంబరు వేయించుకోవాల, ఇక్కడి పన్ను కట్టాల. ఆ ఖర్చు, ఆ తిరుగుడు కలిపితే చవక ఎంత మిగులుతుందో లెక్క వేసుకోండి. మా పక్క ఊరాయన ఒకరు అట్లా తెచ్చి, ఏడాది పైన నంబరు మార్చకుండా తిప్పుతుంటే చెక్‌పోస్టులో ఆపినారు.

బండీ సరుకూ కలిపిన మొత్తం బరువు 3000 కిలోలు దాటని గూడ్సు బండికి పర్మిట్టు అక్కర్లేదు. చిన్న ఏస్‌కు ఆ అంకె 1550. పెద్ద పికప్‌లు కొన్ని 3000 దాటుతాయి, ఆర్.సి.లో జి.వి.డబ్ల్యు. అని ఉన్నచోట చూడండి. ఎఫ్.సి. మొదటి ఎనిమిదేళ్ళు రెండేళ్ళకొకసారి, ఆ తరవాత ఏటేటా. ఎనిమిదేళ్ళు దాటిన బండి కొంటే ఏటా ఆ ఖర్చు రాసి పెట్టుకోవాల. డ్రైవరు లైసెన్సు గురించి చాలామందికి అనుమానం. ఎల్.ఎం.వి. లైసెన్సు ఉన్నవాడు 7500 కిలోల లోపు గూడ్సు బండి నడపొచ్చని 2024 నవంబరులో సుప్రీం కోర్టు అయిదుగురు జడ్జీల తీర్పు వచ్చింది. మన పిల్లల్లో కారు లైసెన్సు ఉన్నవాళ్ళు పనికొస్తారు.

బండి ఎవరి పేరు మీద? సొసైటీ పేరు మీదే. ఇందులో రెండో మాట లేదు. మాది 1959 కర్ణాటక సహకార చట్టం కింద నడిచే సంస్థ. పాలకమండలిలో తీర్మానం రాయాల, ధర రాయాల, ఎవరెవరు పోయి చూసినారో రాయాల, డబ్బు చెక్కు మీదో బ్యాంకు మీదో పోవాల. ఒక సొసైటీ, పేరు ఎందుకులే, "ఆర్.టి.ఓ. పని తొందరగా అవుతాది" అని బండి అధ్యక్షుడి పేరు మీద తీసుకున్నారు. రెండేళ్ళకు ఎన్నికలొచ్చినాయి, ఆయన ఓడిపోయినాడు. బండి ఆయన ఇంటి ముందరే ఉంది. ఆయన తప్పు కూడా పూర్తిగా అనలేను. ఆయన పేరు మీద ఉన్న బండి ఏదైనా గుద్దితే కేసు ఆయన మీదే కదా. ఆర్.సి.లో ఎవరి పేరుంటే నష్టపరిహారం వాళ్ళ మీదే పడుతుందని 2018లో సుప్రీం కోర్టు చెప్పింది. అందుకే పేరు మార్పిడి 29, 30 ఫారాలు సంతకాలు పెట్టించి ఇంట్లో పెట్టుకోవద్దు. కొన్నవాళ్ళకు ముప్పై రోజుల గడువు, ఆ లోపలే ఇచ్చేయండి.

ఇంక ఎవరు పోతారు అన్న ప్రశ్న. దీని మీద మా సొసైటీలో రెండు మీటింగులు గట్టిగా జరిగినాయి. బండి వచ్చిన మొదటి వారమే ఆసు పోసే అక్కలు అడిగినారు, "బండి ఎట్లాగూ మా ఊరి మీదే పోతోంది, వెనక కూర్చుంటాము, బస్సు చార్జీ మిగులుతాది" అని. న్యాయమైన మాటే. పొద్దున బస్సు లేదు, సాయంత్రం వస్తాదో రాదో తెలీదు. మా వైపు పత్తి తీతకు, నాట్లకు, జాతరకు, పెళ్ళికి అందరూ గూడ్సు బండి వెనకే పోతారు. అందరూ పోయేది మేమెందుకు వద్దంటున్నామని వాళ్ళకు కోపం వచ్చింది.

నేను వాళ్ళకు రెండు సంగతులు చెప్పినాను. ఒకటి బీమా. గూడ్సు బండిలో సరుకు యజమాని గాని, అతని తరఫు మనిషి గాని సరుకుతో పాటు పోతుంటే బీమా ఉంది, 1994లో చట్టం అట్లా మార్చినారు. ఊరికే ఎక్కించుకున్నవాళ్ళకు లేదు, సుప్రీం కోర్టు కూడా అదే చెప్పింది. కాలు విరిగితే ఆసుపత్రి ఖర్చు కూడా కంపెనీ ఇయ్యదు. సొసైటీ ఇయ్యాల, సొసైటీ దగ్గర ఏముంది? రెండోది మీకూ గుర్తుంటాది. 2022 ఆగస్టులో మన రాయచూరు జిల్లా కూలీలు బెంగళూరుకు పోతున్న క్రూయిజరు, తుమకూరు జిల్లా శిరా దగ్గర లారీతో గుద్దుకుని తొమ్మిది మంది చనిపోయినారు. అది మనుషులు ఎక్కే బండే, పట్టేదానికంటే ఎక్కువ మంది ఎక్కినారు. 2025 జనవరిలో సవణూరు నుంచి సంతకు కూరగాయలు, పండ్ల లోడుతో పాటు పోతున్న వ్యాపారులు, యల్లాపుర దగ్గర లారీ పడిపోయి పదిమంది పోయినారు. వాళ్ళూ మనలాగే పొట్ట చేతపట్టుకుని పోయినవాళ్ళే.

వద్దు అని ఊరుకుంటే సరిపోదు కదా, వాళ్ళ అవసరం అట్లే ఉంది. అందుకని తిరుగుడు మార్చినాము. ఇదివరకు అక్కలు సొసైటీకి వచ్చి నూలు తీసుకుని పోయేవాళ్ళు. ఇప్పుడు ఏ రోజు ఏ ఊరికి అని బోర్డు మీద రాసినాము. బండే ఇంటి ముందరికి పోతాది, నూలు దించి, నేసిన బట్ట ఎక్కించుకుని, పాసు పుస్తకంలో రాసి వస్తాది. డ్రైవరు పక్కన ఒక్క సీటు ఉంది, అందులో సొసైటీ గుమాస్తా కూర్చుంటాడు. ఆసు పని చాలావరకు ఊళ్ళల్లోకే పంపినాము. రావాల్సిన వాళ్ళు ఇంకా ముగ్గురు నలుగురు ఉన్నారు, వాళ్ళకు నెలకు బస్సు చార్జీ సొసైటీ ఖాతాలో ఇస్తున్నాము. మొదట గొణిగినారు. ఇప్పుడు బండి పది నిమిషాలు ఆలస్యమైతే నాకే ఫోన్ వస్తాది, "కార్యదర్శి గారూ, బండి ఏమాయె?" అని.

మీకు మనుషులనూ సరుకునూ రెంటినీ తీసుకుపోవాల్సిన అవసరం నిజంగా ఉంటే, రెండు వరసల సీట్లు ఉండి వెనక తొట్టి ఉండే బండ్లు ఉన్నాయి. బొలేరో క్యాంపర్ లాంటివి. ఎగ్జిబిషన్లకు తిరిగే సొసైటీలకు అది పనికొస్తాది, ఆగస్టు 7 చేనేత దినోత్సవానికి బెంగళూరు పోవాలన్నా నలుగురు, స్టాలు సామాను ఒక్క బండిలో పోవచ్చు. పాతది కూడా ధర ఎక్కువ, డీజిలు ఎక్కువ తాగుతాది. ఆర్.సి.లో ఎన్ని సీట్లు రాసి ఉన్నాయో అంతమందే.

ఒక చిన్న మాట మరిచినా. బండి బీమా బండికే, లోపలున్న నూలుకు, బట్టకు కాదు. నాలుగు బేళ్ళు పోతే ఏమిటని ఒకసారి అనుకుని, సరుకు రవాణా బీమా గురించి మీ ఏజెంటును అడగండి.

బండి వచ్చినాక లాగ్ పుస్తకం పెట్టండి. రోజూ ఎన్ని కిలోమీటర్లు, ఎన్ని లీటర్లు, ఎవరి పని, డ్రైవరు సంతకం. మా పుస్తకంలో ఒక నెల లీటరుకు 18 ఉన్నది 15కు దిగింది. చూస్తే బ్రేకు పట్టేసి తిరుగుతోంది. పుస్తకం లేకపోతే డ్రైవరును అనుమానించేవాళ్ళం, పాపం. కిలోమీటరుకు రెండు రూపాయల లెక్కన రిపేరి ఖాతాలో పక్కన పెడుతున్నాము, నెలకు మూడు వేలు. పోయిన ఏడాది టైర్లు అందులోంచే వేసినాము, పాలకమండలిని అడగాల్సిన అవసరం రాలేదు.

బండి ఈ రోజు వేసుకుని వచ్చినాను, మండపం వెనక వేపచెట్టు కింద ఉంది. భోజనాలు అయినాక ఎవరికైనా చూడాలనుంటే రండి. కిందికి వంగి పట్టీలు ఎట్లా లెక్కపెట్టాలో, ఛాసిస్ నంబరు ఎక్కడ ఉంటాదో చూపిస్తాను. లాగ్ పుస్తకం కూడా తెచ్చినాను. నాలుగింటికి మాత్రం బయల్దేరాల, రేపు తొమ్మిదింటికి నాలుగు పడుగులు దించాల్సినవి ఉన్నాయి.